వారంటు లేని అరెస్టు: మన తాతల కాలం నుంచి మన కాలం దాకా

కొన్నేళ్ల కింద ఒక రాత్రి మా కాలనీలోకి జీపు వచ్చింది. ఆ వారం దగ్గరి పట్నంలో ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. జీపు దిగినవాళ్లు నిద్రపోతున్న ఒక పిల్లవాడిని లేపి తీసుకుపోయారు. వాడికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. ఐదో తరగతి దాకా నా దగ్గర చదివినవాడే. ఎందుకు తీసుకుపోతున్నారో ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. కాగితం చూపలేదు. ఎవరి సంతకమూ తీసుకోలేదు. మరుసటి రోజు వాడి నాయన నా దగ్గరికి వస్తే ఇద్దరం కలిసి పోయాం. "విచారణకు పిలిచాం, అంతే" అన్నారు. రెండు రాత్రులు గడిచాక మూడో రోజు పొద్దున వదిలేశారు. కేసు లేదు, కోర్టు లేదు, రాతకోత లేదు.

ఆటోలో తిరిగి వస్తూ వాడి నాయన నాతో అన్న మాట ఇది: "కొట్టలేదంట సార్. అంతే సాలు."

బిడ్డను కారణం చెప్పకుండా రెండు రాత్రులు ఉంచుకుంటే, కొట్టలేదు కదా అని ఒక తండ్రి సంతోషపడ్డాడు. ఆయనను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. మా జేజినాయన కూడా ఇట్లాంటి మాటలే చెప్పేవాడు. ఇంత తక్కువతో సరిపెట్టుకునే అలవాటు మనకు ఎక్కడ నుంచి వచ్చింది? ఎవరు నేర్పారు? ఈ వ్యాసంలో నేను వెతికింది ఆ సంగతే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తోటి ఉపాధ్యాయులూ, ఇది మనందరి చరిత్ర. చెంచులదీ, ఎరుకలదీ, సుగాలీలదీ, మన్యంలో ఉన్న కొండదొరలదీ, సవరలదీ.

వారంటు అంటే ఏమిటి?

ముందు మాట అర్థం చేసుకుందాం. వారంటు అంటే ఫలానా మనిషిని పట్టుకొని రమ్మని మేజిస్ట్రేటు సంతకం పెట్టి ఇచ్చే రాతపూర్వక ఉత్తర్వు. అందులో మనిషి పేరు ఉంటుంది, నేరం పేరు ఉంటుంది, కోర్టు ముద్ర ఉంటుంది. అనుమానించేది ఒకరు, ఆ అనుమానం సరైనదో కాదో చూసేది ఇంకొకరు అన్నదే దీని వెనకున్న ఆలోచన. ఆ రెండు పనులూ ఒకే చేతిలో పడితే బీదవాడికి దిక్కు ఉండదు.

అయితే ప్రతిసారీ వారంటు కోసం ఆగాలంటే కుదరదు. కళ్ల ముందే హత్య జరుగుతుంటే పోలీసు కోర్టుకు పోయి సంతకం తెచ్చుకోలేడు కదా. అందుకే పెద్ద నేరాల్లో వారంటు లేకుండా పట్టుకునే అధికారం ఏ దేశంలోనైనా పోలీసులకు ఉంది. మన దగ్గర 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 35వ సెక్షన్ దాని గురించే చెబుతుంది. అధికారం ఉండడాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఆ అధికారానికి కట్టు ఉందా? పట్టుకున్న తర్వాత ఎవరికి జవాబు చెప్పాలి? అందరి మీదా ఒకే తీరుగా వాడుతున్నారా? అడగవలసిన ప్రశ్నలు ఈ మూడు. మన చరిత్రలో ఈ మూడింటికీ జవాబు "లేదు" అని వచ్చిన కాలాలు చాలా ఉన్నాయి.

కోయిలకుంట్ల, 1846

మన నంద్యాల జిల్లాలోనే మొదలుపెడదాం. 1800లో నిజాం ఈ దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. తర్వాత థామస్ మన్రో కాలంలో పాలెగాళ్ల అధికారం తీసేసి కొందరికి పింఛన్లు ఇచ్చారు. ఊళ్లకు కాపలా ఉండే కట్టుబడులకు తరతరాలుగా ఉన్న ఇనాం భూములు కూడా మెల్లగా కంపెనీ వశమయ్యాయి. పింఛను విషయంలో అవమానపడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట అట్లా భూమి పోయినవాళ్లు నడిచారు. నల్లమలను ఎరిగిన బోయలు, చెంచులు నడిచారు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది.

ఆ తర్వాత కంపెనీ పటాలాలు దిగాయి. అడవి, గుట్టలు, పల్లెలు గాలించాయి. అక్టోబరు 6న పేరుసోముల దగ్గరి జగన్నాథకొండ మీద నరసింహారెడ్డిని పట్టుకున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం ముందు ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి ఏళ్ల తరబడి వేలాడదీసి ఉంచారు.

ఈ కథ మనకు తెలిసిందే. సినిమా కూడా వచ్చింది. నేను పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం ఇంకో లెక్క దగ్గర ఆగుతాను. ఆ తిరుగుబాటు పేరు మీద తొమ్మిది వందల మందికి పైగా మనుషుల మీద ఆరోపణలు మోపారు. వాళ్లలో 412 మందిని ఏ నేరమూ మోపకుండానే చివరికి వదిలేశారు. 273 మందిని పూచీకత్తు మీద విడిచారు. శిక్ష పడింది 112 మందికి.

ఒకసారి ఈ అంకెలను బోర్డు మీద రాసి చూడండి. శిక్ష పడిన ఒక్కొక్కరికీ, ఏ నేరమూ లేక వదిలేసినవాళ్లు ముగ్గురు నలుగురు లెక్కన ఉన్నారు. ఆ 412 మంది ఎవరు? వాళ్ల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో లేవు. పంట కోత కాలంలో పట్టుబడితే పొలం ఎవరు చూశారు? ఇంట్లో ముసలివాళ్లకు కూడు ఎవరు పెట్టారు? వీరుడి పేరు మిగిలింది. అనుమానం మీద పట్టుబడ్డ మామూలు మనిషి పేరు మిగల్లేదు. సైన్యం ఊళ్లోకి దిగినప్పుడు ఎక్కువగా నలిగేది ఈ మామూలు మనుషులే. ఆ సంగతి 1846లోనే మన నేల మీద తేలిపోయింది.

దీనికి కంపెనీ దగ్గర చట్టం రూపం కూడా ఉండేది. యుద్ధమో తిరుగుబాటో వస్తే మామూలు కోర్టులను పక్కనపెట్టి సైనిక శాసనం పెట్టుకోవడానికి బెంగాలులో 1804లోనూ, మద్రాసులో 1808లోనూ రెగ్యులేషన్లు చేసుకున్నారు. 1855 నవంబరులో సంతాల్ ఆదివాసులు తిరగబడినప్పుడు వాళ్ల నేల మీద సైనిక శాసనం ప్రకటించారు.

పుట్టుకే నేరమైన కాలం

పటాలం వచ్చిందంటే ఒకనాటికి పోతుంది. దానికంటే పెద్ద దెబ్బ ఇంకొకటి మన మీద పడింది. అది పోకుండా ఇంటి పక్కనే కూర్చుంది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. మొదట ఉత్తరాదిన అమలైంది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తించేటట్టు చేశారు. 1924లో మళ్లీ సవరించి కొత్త చట్టంగా తెచ్చారు. ఒక తెగ గానీ, ముఠా గానీ, వర్గం గానీ నేరాలకు అలవాటు పడిందని ప్రభుత్వం నమ్మితే చాలు, గెజిట్‌లో ప్రకటించవచ్చు. ఆ ప్రకటన చెల్లదని కోర్టులో వాదించే వీలు లేదు. ఆ తర్వాత జిల్లా మేజిస్ట్రేటు రిజిస్టరు తెరిపిస్తాడు. పేర్లు రాస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. ఫలానా హద్దు దాటకూడదు అంటారు. దాటాలంటే పాసు కావాలి.

1924 చట్టంలో 25వ సెక్షన్‌ను మన పిల్లలకు తప్పక చెప్పాలి. రిజిస్టరులో ఉన్న మనిషి పాసు లేకుండా హద్దు బయట కనిపిస్తే, లేదా సెటిల్‌మెంటు నుంచి తప్పించుకుంటే, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. పట్టుకునే అధికారం ఎవరికి? ఏ పోలీసు అధికారికైనా సరే. పోలీసుకే కాదు, ఊరి పెద్దకూ, ఊరి కాపలాదారుకూ కూడా. అంటే మన ఊళ్ల లెక్కలో మునసబు, తలారి. ఎవరి పొలం గట్టున మనం గుడిసె వేసుకున్నామో, ఎవరికి బుట్టలు అమ్ముకున్నామో, ఎవరితో కూలి దగ్గర పేచీ పడ్డామో, వాళ్ల చేతికే మనల్ని పట్టి ఇచ్చే అధికారం పోయింది.

ఇంకా ఉంది. షెడ్యూలులో చెప్పిన నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకు తక్కువ కాకుండా జైలు, మూడోసారి పడితే యావజ్జీవ ద్వీపాంతరం. అదే నేరం చేసిన ఇంకో కులం మనిషికి ఈ లెక్క లేదు.

ఎరుకలవాళ్లు ఈ చట్టం కిందికి ఎందుకు వచ్చారు? మా పెద్దలు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా తిరిగి అమ్మినవాళ్లు. సముద్రం ఒడ్డు నుంచి లోపలి ఊళ్లకు ఉప్పు చేరవేసేవాళ్లు. రైలు వచ్చింది. ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగింది. అడవికి హద్దురాళ్లు పడ్డాయి. వెదురు కోస్తే తప్పు, గాడిదను మేపితే తప్పు. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్లను చూసి "వీళ్లు ఎట్లా బతుకుతున్నారు, దొంగతనం చేసే కదా" అన్నారు. మనవాళ్లలో దొంగతనం చేసినవాళ్లు ఎవరూ లేరని నేను చెప్పను. ఉన్నారు. అన్ని కులాల్లోనూ ఉన్నారు. చేసినవాడిని శిక్షిస్తే అది న్యాయం. చేసినవాడు దొరకలేదని పుట్టినవాళ్లందరినీ రిజిస్టరులో రాసుకోవడం ఏ న్యాయం?

"దొంగ ఎరుకల", "దొంగ దాసరి" అని సర్కారు కాగితాల్లో రాసేవాళ్లు. తిట్టు కులం పేరైంది.

ఆ తర్వాత సెటిల్‌మెంట్లు వచ్చాయి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో మొదలైంది. సాల్వేషన్ ఆర్మీ నడిపింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఆ ఊరికి పెట్టారు. సీతానగరం, కావలి, కప్పరాళ్లతిప్ప, లింగాల ఇట్లా వరుసగా వచ్చాయి. మన ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలో కూడా ఒక సెటిల్‌మెంటు ఉండేది. కొన్ని చోట్ల భూమి ఇచ్చారు, బడి పెట్టారు. అది నిజమే. కానీ వాళ్లు రాళ్ల క్వారీకీ, పొగాకు కంపెనీకీ కూలీలుగా కూడా పనికొచ్చారు. హద్దు దాటే స్వేచ్ఛ లేనివాడు ఇచ్చిన కూలి తీసుకోక ఏం చేస్తాడు?

మా జేజినాయన చెప్పిన ఒక సంగతి చెబుతాను. నేను టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు ఆయన ఇంకా బతికే ఉన్నాడు. వాళ్ల నాయన పేరు రిజిస్టరులో ఉండేదంట. రాత్రిళ్లు పోయి హాజరీ వేయించుకోవాలి. ఒకసారి నంద్యాల సంతకు బుట్టలు వేసుకొని పోయి, వానకు వాగు పొంగి, ఆ రాత్రికి తిరిగి రాలేకపోయాడంట. తలారి పోయి చెప్పాడు. తెల్లారి వాగు దాటి వస్తుంటే గట్టు మీదనే పట్టుకున్నారు. "ఏం చేసినాడని పట్టుకున్నారు?" అని నేను అడిగితే జేజినాయన నన్నే వింతగా చూశాడు. "చేసేదేముందిరా? రాలేదు గదా" అన్నాడు.

రోజూ బడిలో నేను హాజరు పట్టీ తీసి పిల్లల పేర్లు పిలుస్తాను. మన పిల్లల్లో ఒకరిద్దరి ఇంటిపేర్లు పిలిచినప్పుడు ఆ మాట గుర్తొస్తుంది. రాని పిల్లవాడి కోసం ఇంటికి పోయినప్పుడు వాడి అవ్వ తలుపు చాటు నుంచి భయంగా చూస్తే నాకు కోపం రాదు. తలుపు తట్టే సర్కారు మనిషి అంటే ఆమెకు మూడు తరాల అర్థం ఉంది.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. దేశం మొత్తం మీద పరిస్థితి చూడడానికి వేసిన కమిటీకి మన తెలుగువారికి తెలిసిన అనంతశయనం అయ్యంగారే అధ్యక్షుడు. రద్దు చేయమని ఆ కమిటీ చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అందుకే కొన్ని చోట్ల డీనోటిఫైడ్ తెగలవాళ్లు ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటారు. అయితే మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. కులం పేరు తీసేశారు కానీ, ఠాణాలో అనుమానితుల పట్టీ పోలేదు. దొంగతనం జరిగిన వారం జీపు ఎక్కడికి వస్తుందో చూస్తే, పాత రిజిస్టరు ఇంకా ఎవరి తలలో ఉందో తెలుస్తుంది.

మన్యంలో, శ్రీకాకుళంలో

మన్యం కథ వేరే తీరు. అక్కడ ఏజెన్సీ ప్రాంతాలను 1839 నుంచే మామూలు కోర్టుల నుంచి వేరుచేసి పెట్టారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. గాం గంటందొర లాంటి ఆదివాసీ నాయకులు ఆ పోరాటానికి వెన్నెముక. మలబార్ స్పెషల్ పోలీసులు వచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చాయి. అన్నం పెట్టారన్న అనుమానంతో ఊళ్ల మీద పడ్డారు. ఊరుమ్మడి జరిమానాలు వేశారు. 1924 మే 7న సీతారామరాజును ప్రాణాలతో పట్టుకొని కొయ్యూరులో కాల్చి చంపారు. పారిపోబోయాడని ప్రభుత్వం చెప్పింది. పట్టుబడినవాడిని ఏ కోర్టు ముందూ నిలబెట్టలేదు. అరెస్టుకూ కోర్టుకూ మధ్య ఉన్న దారిలోనే మనిషి పోయాడు.

స్వతంత్రం వచ్చాక అంతా మారిందనుకుంటాం. కృష్ణా నదికి ఇవతల నందికొట్కూరు మద్రాసు రాష్ట్రంలో ఉంటే, అవతల నల్లమల అమ్రాబాద్ వైపు నిజాం రాజ్యం. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులోకి పోయింది. 1949 చివరి దాకా అక్కడ జనరల్ చౌదరి సైనిక గవర్నరుగా పాలించాడు. రజాకార్ల బాధ తప్పినందుకు జనం సంతోషించారు. ఆ తర్వాత అదే సైన్యం కమ్యూనిస్టుల కోసం అడవులు గాలించింది. గోదావరి అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు.

అదే 1948లో మద్రాసు ప్రభుత్వం అల్లర్ల అణచివేత చట్టం చేసింది. ఒక ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతమని ప్రకటిస్తే, సబ్ ఇన్స్పెక్టరు స్థాయి అధికారికే ప్రాణం పోయేంత బలం వాడే అధికారం వస్తుంది. 1969లో శ్రీకాకుళం ఏజెన్సీలో సవరలు, జాతాపులు ఉన్న ప్రాంతాల మీద ఈ చట్టాన్ని వాడారు. 1978లో కరీంనగర్ జిల్లా సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల మీద వాడారు. ఆ కాలంలో పౌరహక్కుల సంఘాలు పుట్టి, ఊళ్లు తిరిగి నిజనిర్ధారణ చేసి రాయకపోతే చాలా పేర్లు మనకు తెలిసేవి కావు.

దగ్గరి కాలంలో వాకపల్లి సంగతి ఉంది. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని ఆ ఊళ్లో గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆడబిడ్డలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులని విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెప్పి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు కోర్టు మెట్లెక్కిన ఆ తల్లుల ఓపికను మనం మరవకూడదు.

సైన్యం చేతిలో అరెస్టు

ఇప్పుడు సైన్యం సంగతి. 1942 ఆగస్టు 15న, క్విట్ ఇండియా ఉద్యమాన్ని అణచడానికి, వైస్రాయి లిన్లిత్‌గో సాయుధ దళాల ప్రత్యేక అధికారాల ఆర్డినెన్సు తెచ్చాడు. గాంధీ గారి మనుషుల మీద వాడిన ఆ ఆయుధాన్నే స్వతంత్ర భారతం 1958లో చట్టంగా చేసుకుంది. ఎవరి మీద? నాగా ఆదివాసుల నేల మీద. తర్వాత ఈశాన్య రాష్ట్రాలకు చాలా వాటికి పాకింది. కశ్మీరుకు 1990లో అట్లాంటిదే ఇంకో చట్టం వచ్చింది.

ఆ చట్టంలో 4వ సెక్షన్ ప్రకారం కల్లోలిత ప్రాంతంలో సైనికాధికారి, హవల్దారు స్థాయివాడు కూడా, వారంటు లేకుండా మనిషిని పట్టుకోవచ్చు. నేరం చేసి ఉండాల్సిన పనిలేదు. చేయబోతున్నాడన్న సహేతుకమైన అనుమానం చాలు. 5వ సెక్షన్ ప్రకారం పట్టుకున్న మనిషిని వీలైనంత త్వరగా దగ్గరి పోలీసు స్టేషన్‌కు అప్పగించాలి. 6వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ సైనికుడి మీద కేసు నడపరాదు.

"వీలైనంత త్వరగా" అంటే ఎంత? 2004 జూలైలో మణిపూర్‌లో తంగ్జమ్ మనోరమ అనే యువతిని అస్సాం రైఫిల్స్ రాత్రి ఇంటి నుంచి తీసుకుపోయింది. అరెస్టు కాగితం ఇంట్లోవాళ్లకు ఇచ్చే పోయింది. తెల్లారేసరికి ఆమె శవం దొరికింది. గమనించండి, ఎనభై ఏళ్ల కింద మన మన్యానికి వచ్చిన దళం పేరు కూడా అదే. 2021 డిసెంబరు 4న నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర, బొగ్గు గని పని ముగించుకొని ఇంటికి పోతున్న కూలీల బండి మీద సైనికులు కాల్పులు జరిపారు. ఆరుగురు చనిపోయారు. ఆ తర్వాతి ఘర్షణల్లో ఇంకొందరు పోయారు. పోలీసులు దర్యాప్తు చేసి సైనికుల పేర్లు రాశారు. విచారణకు కేంద్రం అనుమతి ఇవ్వలేదు.

సైనికుడి వైపు నుంచి కూడా చూడాలి. తెలియని అడవిలో, ఏ చెట్టు చాటున తుపాకీ ఉందో తెలియక, ప్రాణం అరచేతిలో పెట్టుకొని నడిచేవాడు అతను. సైనికుల్లో మన బిడ్డలు కూడా ఉన్నారు. వాళ్లకు రక్షణ కావాలి. 1997 నవంబరులో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందనే చెప్పింది. కానీ కట్టు వేసింది. కల్లోలిత ప్రకటనను ఆరు నెలలకొకసారి తిరిగి చూడాలి. పట్టుకున్నవాడిని పోలీసులకు అప్పగించాలి. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలన్న నియమం సైన్యం పట్టుకున్నా వర్తిస్తుంది. కాగితం మీద కట్టు ఉంది. అది తెగినప్పుడు అడిగే దారినే 6వ సెక్షన్ మూసేసింది.

"ఆ చట్టం ఆంధ్రలో లేదు కదా సార్" అని ఒక విద్యార్థి నన్నడిగాడు. నిజమే, లేదు. కానీ మామూలు చట్టంలోనే, సురక్షా సంహిత 149, 150 సెక్షన్ల ప్రకారం, అల్లర్లు చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలిచే వీలుంది. మేజిస్ట్రేటును సంప్రదించే వీలు లేనప్పుడు సైనికాధికారి తానే దిగి మనుషులను పట్టుకోవచ్చు. అది ఒక గుంపు, ఒక సందర్భం వరకే. 1958 చట్టంలో ఆ సందర్భం ఏళ్లకు ఏళ్లు సాగుతుంది. రెండింటికీ ఉన్న తేడా అదే.

ఇంకో మాట. నేరస్థ తెగల చట్టంలోని 25వ సెక్షన్‌నూ, 1958 చట్టంలోని 4వ సెక్షన్‌నూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకదాంట్లో మనిషి పుట్టిన తెగను బట్టి అనుమానం. ఇంకోదాంట్లో మనిషి పుట్టిన నేలను బట్టి అనుమానం. రెండింటిలోనూ ముందుగా నలిగింది ఆదివాసీయే.

మన చేతిలో ఉన్నది

రాజ్యాంగం 22వ అధికరణం మూడు మాటలు చెబుతుంది. పట్టుకున్నవాడికి కారణం చెప్పాలి. తనకు నచ్చిన వకీలుతో మాట్లాడే హక్కు ఉండాలి. ప్రయాణ సమయం పోను ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ముందస్తు నిర్బంధ చట్టాలకు మినహాయింపు ఉంది. మిగతా అందరికీ ఇదే నియమం.

1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు వివరంగా రాసింది. అరెస్టు చేసే పోలీసుకు పేరు, హోదా కనిపించే బ్యాడ్జి ఉండాలి. అరెస్టు మెమో రాయాలి. దాని మీద ఇంటివాళ్లో, ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. అరెస్టైనవాడు కూడా సంతకం పెట్టాలి. బంధువుకో స్నేహితుడికో కబురు చేయాలి. డాక్టరు పరీక్ష జరగాలి. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో, ఏడేళ్ల లోపు శిక్ష ఉండే నేరాల్లో అవసరం లేకుండా అరెస్టు చేయవద్దని, ముందు నోటీసు ఇవ్వాలని చెప్పింది. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో జైళ్లలో కులాన్ని బట్టి పని చెప్పే నియమాలు కొట్టేసింది. డీనోటిఫైడ్ తెగలవాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులను ఆదేశించింది. మా జేజినాయన ఈ తీర్పు వినడానికి లేడు. మీరు ఉన్నారు.

నా వృత్తి వల్ల నాకు తెలిసినంతలో, కాలనీల్లో, తండాల్లో, గూడేల్లో ఈ పనులు చేయవచ్చు.

ఎవరినైనా తీసుకుపోతే ఎదురు తిరగవద్దు, పరుగెత్తవద్దు. ఎక్కడికి తీసుకుపోతున్నారు, ఎందుకు అని నిదానంగా అడగండి. బండి నంబరు, తేదీ, గంట ఒక కాగితం మీద రాయండి. ఆ రాత ఇరవై నాలుగు గంటల లెక్కకు ఆధారం. అరెస్టు మెమో అడగండి, చదవకుండా సంతకం పెట్టవద్దు. ఆడవాళ్లను పొద్దు గుంకిన తర్వాత, పొద్దు పొడవక ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి మేజిస్ట్రేటు అనుమతి ముందుగా తీసుకోవాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను లాకప్‌లో పెట్టడానికి వీల్లేదు, బాలల న్యాయమండలి ముందు పెట్టాలి. అందుకే ఉపాధ్యాయులు పుట్టిన తేదీ సర్టిఫికెట్లు సిద్ధంగా ఉంచితే ఎంతో మేలు.

వకీలుకు డబ్బు లేదని ఆగవద్దు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. మండల న్యాయ సేవల కమిటీకి తెల్లకాగితం మీద అర్జీ పెట్టవచ్చు.

చివరిగా యువతకు ఒక విన్నపం. మన కాలనీల్లో హాజరీ వేయించుకున్న తరం దాదాపు పోయింది. వాళ్ల మాటలు విన్న పిల్లలు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. వాళ్ల దగ్గర కూర్చొని, ఏ ఊళ్లో హాజరీ, ఎవరు పాసు ఇచ్చేవాళ్లు, ఏ సంతకు పోతే పట్టుకున్నారు అని అడిగి రాసుకోండి. పేర్లతో, ఊళ్లతో రాయండి. కోయిలకుంట్లలో వదిలేసిన ఆ 412 మంది గురించి ఎవరూ రాసి పెట్టలేదు. మన అవ్వతాతల గురించి మనం రాయవచ్చు.

మొదట చెప్పిన ఆ పిల్లవాడు ఇప్పుడు కర్నూలులో పని చేసుకుంటున్నాడు. పోయిన ఉగాదికి వచ్చినప్పుడు నాతో కూర్చొని మాట్లాడాడు. "సార్, ఆ రోజు మీరు మెమో అడిగింటే ఇచ్చుందురా?" అని అడిగాడు. ఆ రోజు నాకు కూడా అడగాలని తెలియలేదురా అని నిజమే చెప్పాను. ఈ వ్యాసం రాయడానికి అది కూడా ఒక కారణం.